‘నా జనం’ అంటే ఎవరు?
అమెరికా అంతర్యుద్ధంలో రాష్ట్ర గవర్నర్లు

మా రోజుల్లో మాకు సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారు ప్రపంచ పటం బోర్డుకు తగిలించి, బెత్తం కొసతో దేశాలు చూపిస్తూ పాఠం చెప్పేవారు. ఆ బెత్తం మా మీద పడ్డ సందర్భాలు తక్కువ. తారీఖులు బట్టీ పట్టమని ఆయన ఎన్నడూ అనలేదు. “రాజు మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడక్కండిరా. వాడు ‘నా జనం’ అన్నప్పుడు ఆ మాటలో ఎవరెవరున్నారో లెక్కపెట్టండి. లెక్క తేలితే వాడి సంగతీ తేలుతుంది” అనేవారు.

తర్వాత నేనూ అదే పాఠం చెప్పే వృత్తిలో పడి, చాలా ఏళ్లపాటు ఆ మాటనే నా పిల్లలకు అప్పజెప్పాను. స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ కొలబద్దే. దాన్ని అమెరికా అంతర్యుద్ధ కాలపు గవర్నర్లకు పెట్టి చూడాలనిపించింది. లింకన్ పేరు మనందరికీ తెలుసు. ఆయన పిలుపు విని సైన్యం పంపినవాళ్లు, పంపనని తిప్పికొట్టినవాళ్లు, మధ్యలో నలిగిపోయినవాళ్లు మనకు అంతగా తెలియదు. ఈ బడిలో చదివిన మన పిల్లలు ఇవాళ డల్లాస్‌లో, అట్లాంటాలో, షార్లెట్‌లో, ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డారు. వాళ్లు రోజూ తిరిగే నేల కథ ఇది.

అక్కడి గవర్నర్ వేరు

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మన దగ్గర గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. పాలన ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది. అమెరికాలో గవర్నర్‌ను రాష్ట్ర ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. ఆ రోజుల్లో మరో అధికారం కూడా ఉండేది. ప్రతి రాష్ట్రానికీ మిలీషియా అనే సొంత దళం ఉండేది. దానికి అధిపతి గవర్నరే.

1861 నాటికి అమెరికా కేంద్ర సైన్యం మొత్తం సుమారు 16,000 మంది. అందులో ఎక్కువమంది పడమటి సరిహద్దు కోటల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. కాబట్టి యుద్ధం వస్తే దండును సమకూర్చాల్సింది గవర్నర్లే. పటాలాలు కట్టడం, వాటికి అధికారులను నియమించడం, బట్టలూ బూట్లూ తుపాకులూ వెతికి తేవడం అన్నీ మొదటి ఏడాది వాళ్ల నెత్తినే పడ్డాయి.

యుద్ధానికి కారణం బానిసత్వం. 1860 జనాభా లెక్కల్లో అమెరికాలో సుమారు 3 కోట్ల 14 లక్షల మంది ఉంటే, అందులో దాదాపు 40 లక్షల మంది బానిసలు. దక్షిణాది పత్తి తోటలు నడిచింది వాళ్ల చెమట మీదే. కొత్త ప్రాంతాలకు బానిసత్వం పాకకూడదన్న లింకన్ 1860 నవంబరులో అధ్యక్షుడిగా గెలిచాడు. డిసెంబరు 20న దక్షిణ కరొలైనా దేశం నుంచి విడిపోతున్నానని ప్రకటించింది. మరో ఆరు రాష్ట్రాలు దాని వెంట నడిచి, కాన్ఫెడరసీ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఆ పోరు సెగ మన తీరానికీ తగిలింది. దక్షిణాది పత్తి ఆగిపోగానే లాంకషైర్ మిల్లుల చూపు మన పత్తి మీద పడింది. మన కాకినాడ రేవు వ్యాపారం పుంజుకున్నది ఆ గిరాకీతోనే.

ఒక తంతి, పది జవాబులు

1861 ఏప్రిల్ 12న దక్షిణాది ఫిరంగులు చార్ల్‌స్టన్ రేవులోని సమ్టర్ కోట మీద పేలాయి. 15వ తేదీన లింకన్ 75,000 మందిని మూడు నెలల సేవకు పంపమని రాష్ట్రాలను కోరాడు. ఆ తంతి అందిన ప్రతి గవర్నరూ ఒకటి రెండు రోజుల్లో తానెటో తేల్చుకోవాల్సి వచ్చింది.

ఉత్తరాది గవర్నర్లు అడిగినదానికన్నా ఎక్కువమందిని ఇస్తామన్నారు. వర్జీనియా, ఉత్తర కరొలైనా, టెనెసీ, ఆర్కన్సా గవర్నర్లు ఇవ్వబోమన్నారు. కొద్ది వారాల్లో ఆ నాలుగు రాష్ట్రాలూ అటు వెళ్లిపోయాయి. సరిహద్దు రాష్ట్రాల పరిస్థితి మరీ ఇరకాటం. కెంటకీ గవర్నర్ మగాఫిన్ సోదర రాష్ట్రాలను అణచే పనికి ఒక్కణ్ణీ పంపనన్నాడు. ఆయన రాష్ట్రం కొన్నాళ్లు తటస్థంగా ఉంటానని ప్రకటించి, చివరికి సమాఖ్య పక్షాన నిలిచింది. శాసనసభకూ తనకూ పొసగక మగాఫిన్ 1862 ఆగస్టులో పదవి వదిలేశాడు. మిస్సోరీ గవర్నర్ క్లెయిబోర్న్ జాక్సన్ దక్షిణాదితో చేతులు కలిపి రాజధాని వదిలి పారిపోతే, అక్కడ హామిల్టన్ గాంబుల్‌ను తాత్కాలిక గవర్నర్‌గా కూర్చోబెట్టారు. వర్జీనియా పడమటి కొండ జిల్లాలు తిరగబడి ఫ్రాన్సిస్ పియర్‌పాంట్‌ను గవర్నర్‌గా ఎన్నుకున్నాయి. 1863 జూన్ 20న ఆ జిల్లాలే పశ్చిమ వర్జీనియా రాష్ట్రమయ్యాయి. రాష్ట్రాలకు విడిపోయే హక్కుందని వాదించిన వర్జీనియా, తన జిల్లాలు విడిపోతుంటే ఆపలేకపోయింది.

వీళ్లందరిలో మేరీలాండ్ గవర్నర్ థామస్ హిక్స్ సంగతి విచిత్రం. ఆయన బానిసలున్న యజమాని. ధైర్యవంతుడని ఎవరూ అనలేదు. రాజధాని వాషింగ్టన్‌కు మూడు పక్కలా మేరీలాండే ఉంది. అది విడిపోతే రాజధాని శత్రు నేల మధ్యలో చిక్కుకుంటుంది. శాసనసభను పిలవమని నెలల తరబడి ఒత్తిడి వచ్చినా ఆయన రేపూ మాపూ అంటూ నెట్టుకొచ్చాడు. ఏప్రిల్ 19న బాల్టిమోర్ వీధుల్లో మసాచుసెట్స్ ఆరవ పటాలం మీద జనం విరుచుకుపడ్డారు. నలుగురు సైనికులు, పన్నెండుమంది పౌరులు చనిపోయారు. చివరికి ఏప్రిల్ 26న సభను ఫ్రెడరిక్ పట్టణంలో సమావేశపరిచాడు. విడిపోయే తీర్మానం చేసే అధికారం తమకు లేదని సభ తేల్చింది. ఆ జాప్యం భయంతో చేశాడో, ఆలోచించి చేశాడో గానీ, ఒక్కోసారి పని చెయ్యకపోవడం కూడా దేశానికి మేలవుతుంది.

ప్రమాణం చెయ్యని ముసలాయన

టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ గవర్నర్. హ్యూస్టన్ నగరానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 1836లో శాన్ జసింటో యుద్ధంలో మెక్సికో సైన్యాన్ని ఓడించి టెక్సస్‌కు స్వాతంత్ర్యం తెచ్చినవాడు. స్వతంత్ర టెక్సస్‌కు రెండుసార్లు అధ్యక్షుడు. అంతకుముందు టెనెసీకీ గవర్నర్‌గా చేశాడు.

టెక్సస్ విడిపోవడానికి ప్రజలు పెద్ద మెజారిటీతో ఓటేశారు. 1861 మార్చి 16న ప్రభుత్వోద్యోగులంతా కాన్ఫెడరసీకి విధేయత ప్రమాణం చెయ్యాలన్నారు. సభలో హ్యూస్టన్ పేరు పిలిచినా ఆయన కదల్లేదు. కింది అంతస్తులో కూర్చుని చాకుతో కర్రముక్క చెక్కుకుంటూ ఉండిపోయాడని చెప్పుకుంటారు. పదవి ఖాళీ అయిందని ప్రకటించి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పదవి నిలబెట్టుకోవడానికి సైన్యాన్ని పంపుతానని లింకన్ కబురు చేశాడు. హ్యూస్టన్ వద్దన్నాడు. తన కుర్చీ కోసం టెక్సస్ గడ్డ మీద టెక్సస్ వాళ్ల రక్తం పారడం ఆయనకు ఇష్టం లేకపోయింది. యుద్ధం వస్తే దక్షిణాది ఓడిపోతుందని ఊరూరా తిరిగి ముందే హెచ్చరించినవాడాయన. ఆయన పెద్ద కొడుకే దక్షిణాది సైన్యంలో చేరి షైలో యుద్ధంలో గాయపడ్డాడు. యుద్ధం ముగియకముందే, 1863 జులైలో హ్యూస్టన్ కన్నుమూశాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతిలో పిల్లల కళ్లు మెరిసేవి. అప్పుడు నేను మాస్టారి లెక్క తీసేవాణ్ణి. హ్యూస్టన్ ‘నా జనం’లో టెక్సస్ వాళ్లున్నారు, దేశం మొత్తం ఉంది. ఆయన ఇంట్లో పనిచేసే బానిసలు మాత్రం లేరు. దేశం విడిపోకూడదని పదవి వదులుకున్న మనిషి, బానిసత్వం పోవాలని మాత్రం అనలేదు. ఆయన త్యాగం నిజం. ఆ లోటూ నిజమే.

కోట్లు కొన్న గవర్నర్

మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ పొట్టి మనిషి, కళ్లద్దాలు, ఉంగరాల జుట్టు. వృత్తి న్యాయవాది. బానిసల తిరుగుబాటుకు ప్రయత్నించిన జాన్ బ్రౌన్‌ను విచారించినప్పుడు, ఆయన తరఫు ఖర్చులకు చందాలు పోగుచేసినవాడు. 1861 జనవరిలో పదవిలోకి రాగానే యుద్ధం తప్పదని ఊహించి, మిలీషియాను సిద్ధం చేస్తూ చలికోట్లకు ఆర్డరిచ్చాడు. యుద్ధమే లేనిదే కోట్లెందుకని జనం నవ్వారు. ఏప్రిల్‌లో లింకన్ తంతి వచ్చిన రెండో రోజే ఆరవ పటాలం బోస్టన్ నుంచి రైలెక్కింది. బాల్టిమోర్‌లో రాళ్లదెబ్బలు తిన్నదీ, నాలుగు శవాలను వెనక్కి పంపి రాజధాని చేరి నిలబడిందీ ఆ పటాలమే.

ఆండ్రూ పేరు నిలిచింది మరో పనితో. లింకన్ విమోచన ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదే నెలలో నల్లజాతివారితో పటాలం కట్టడానికి ఆండ్రూ అనుమతి సంపాదించాడు. అదే 54వ మసాచుసెట్స్. ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు అందులో చేరారు. రాబర్ట్ గౌల్డ్ షా అనే పాతికేళ్ల తెల్ల యువకుడు దానికి నాయకుడు. 1863 జులై 18 సాయంత్రం దక్షిణ కరొలైనాలోని వాగ్నర్ కోట మీద ఆ పటాలం దాడి చేసింది. సుమారు 600 మందిలో 270 మంది దాకా చనిపోవడమో, గాయపడడమో, కనబడకుండా పోవడమో జరిగింది. షా కోట గోడ మీదే నేలకొరిగాడు. విలియం కార్నీ అనే సైనికుడు గాయాలతో పాకుతూ జెండాను కిందపడకుండా వెనక్కి తెచ్చాడు. ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ 1900లో గానీ ఇవ్వలేదు.

అసలు పాఠం జీతం దగ్గర ఉంది. చేరేటప్పుడు తెల్ల సైనికులతో సమానంగా నెలకు 13 డాలర్లు ఇస్తామన్నారు. తీరా కేంద్రం 10 డాలర్లేనంది, అందులో 3 బట్టలకు కోస్తామంది. చేతికొచ్చేది ఏడు. ఆండ్రూకు తల కొట్టేసినట్టయింది. మాట ఇచ్చింది తను. తక్కువైనది రాష్ట్ర ఖజానా నుంచి ఇస్తామన్నాడు, శాసనసభ చట్టం కూడా చేసింది. సైనికులు ఆ డబ్బు కూడా ముట్టలేదు. మాకు కావాల్సింది దానం కాదు, సైనికుడి జీతం అన్నారు. దాదాపు ఏడాదిన్నర జీతం లేకుండా పోరాడారు. వాళ్ల ఇళ్లలో పిల్లలు పస్తులున్నారు. ఆండ్రూ వాషింగ్టన్ చుట్టూ తిరుగుతూ, ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ ఉన్నాడు. 1864 జూన్‌లో కాంగ్రెస్ సమాన వేతనానికి ఒప్పుకుంది. ఆండ్రూ ‘నా జనం’లోకి కొత్తవాళ్లను చేర్చుకున్నాడు. ఎలా చేర్చుకోవాలో ఆ చేరినవాళ్లే ఆయనకు నేర్పారు.

శాసనసభ లేని రెండేళ్లు

ఇండియానా గవర్నర్ ఆలివర్ మోర్టన్ కథ అంత తేలిగ్గా తేలదు. సైనికుల బాగోగులు చూడడంలో ఆయనకు సాటి తక్కువ. కొండల్లో చలికి వణుకుతున్న ఇండియానా సైనికులకు చలికోట్ల కోసం కేంద్ర అధికారులతో తగవులాడాడు. రాష్ట్రంలో సొంతంగా తూటాల కర్మాగారం పెట్టాడు.

1862 ఎన్నికల్లో ప్రతిపక్షానికి శాసనసభలో మెజారిటీ వచ్చింది. గవర్నర్ సైనికాధికారాలు తీసెయ్యాలని వాళ్లు బిల్లు పెట్టారు. మోర్టన్ పక్షం సభ్యులు సభ విడిచి వెళ్లిపోయి కోరం లేకుండా చేశారు. బడ్జెట్ ఆమోదం కాకుండానే సభ ముగిసింది. మోర్టన్ మళ్లీ సభను పిలవలేదు. రెండేళ్లపాటు, 1865 జనవరి దాకా, ఆమోదించిన బడ్జెట్ లేకుండానే రాష్ట్రాన్ని నడిపాడు. జిల్లాల దగ్గర, బ్యాంకుల దగ్గర అప్పులు చేశాడు. కేంద్ర యుద్ధశాఖ నుంచి రెండున్నర లక్షల డాలర్లు తెచ్చుకున్నాడు. పాత అప్పుల వడ్డీని జేమ్స్ లానియర్ అనే బ్యాంకరు తన డబ్బుతో కట్టాడు. పక్కనున్న ఇల్లినాయ్‌లో గవర్నర్ యేట్స్ 1863 జూన్‌లో తన శాసనసభను ఉన్నపళంగా వాయిదా వేసి ఇంటికి పంపాడు.

మోర్టన్ అలా చెయ్యకపోతే ఇండియానా ఏమయ్యేదో! సైనికుల సరఫరాలు ఆగేవి. కానీ ప్రజలు ఎన్నుకున్న సభను పక్కన పెట్టి ఒక్కడే పాలించడం ఎంత మంచి పనికోసమైనా ప్రమాదమే. ఆ ప్రమాదం ఎక్కడికి పోతుందో ఆ రాష్ట్రంలోనే కనబడింది. ల్యాంబ్డిన్ మిలిగన్ అనే పౌరుణ్ణి 1864లో కుట్ర నేరం మీద పట్టుకుని, సైనిక విచారణ సంఘం ముందు నిలబెట్టి ఉరిశిక్ష వేశారు. అప్పుడు ఇండియానాలో మామూలు కోర్టులు నడుస్తూనే ఉన్నాయి. 1866లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదని తీర్పిచ్చింది. కోర్టులు తెరిచి ఉన్నచోట పౌరుణ్ణి సైన్యం విచారించడానికి వీల్లేదంది. 1975 ఎమర్జెన్సీని కళ్లారా చూసిన మా తరానికి ఈ తీర్పు విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. తనతో ఏకీభవించనివాడు కూడా ‘నా జనం’లో ఉంటాడు. మోర్టన్ లెక్కలో తప్పింది అక్కడ.

‘మిత్రులారా’ అన్న పిలుపు

న్యూయార్క్ గవర్నర్ హొరేషియో సేమూర్ ప్రతిపక్ష నాయకుడు. నిర్బంధ సైనిక భర్తీ రాజ్యాంగ విరుద్ధమని వాదించేవాడు. ఆ చట్టంలో 300 డాలర్లు కట్టినవాడికి మినహాయింపు ఉంది. అది కూలివాడికి దాదాపు ఏడాది సంపాదన. పేద ఐరిష్ కార్మికులు మండిపడ్డారు. 1863 జులై 13న న్యూయార్క్ నగరంలో అల్లర్లు మొదలై నాలుగు రోజులు సాగాయి. కోపం భర్తీ కార్యాలయం మీద మొదలై, కనబడ్డ నల్లజాతి మనిషి మీదికల్లా మళ్లింది. వందమందికి పైగా చనిపోయారు. నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమానికి నిప్పుపెట్టారు. లోపలున్న 233 మంది పిల్లలు పెద్దల వెంట వెనక దారిన బయటపడ్డారు.

రెండో రోజు సేమూర్ సిటీ హాలు ముందు నిలబడి గుంపును శాంతించమని కోరాడు. ఆ ప్రసంగంలో వాళ్లను ‘మిత్రులారా’ అని పిలిచాడని ప్రత్యర్థులు ఆయన్ను జీవితాంతం ఎత్తిపొడిచారు. ఆయనకు న్యాయం చెయ్యాలంటే ఒక మాట చెప్పాలి. కొద్ది వారాల ముందు పెన్సిల్వేనియా ప్రమాదంలో పడితే రాష్ట్ర దళాలను వెంటనే పంపింది ఈయనే. అయినా ఆ రోజు ఆ మెట్ల మీద ఆయన ఎదుట ఓటర్లున్నారు. ఆశ్రమం కాలిపోయి రోడ్డున పడ్డ పిల్లలు లేరు.

తన వాదమే తనకు శత్రువైతే

కాన్ఫెడరసీ పుట్టిందే రాష్ట్రాల హక్కుల పేరుతో. ఆ మాటను జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ అక్షరాలా పట్టుకున్నాడు. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ నిర్బంధ భర్తీ చట్టం తెస్తే, అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌తో ఉత్తరాల యుద్ధానికి దిగాడు. వేలమందిని మిలీషియా అధికారులనీ, రాష్ట్ర ఉద్యోగులనీ ముద్ర వేసి భర్తీ నుంచి తప్పించాడు. 1864 సెప్టెంబరులో అట్లాంటా చేజారిన కొద్ది రోజులకే, పంటకోతలని చెప్పి తన మిలీషియాను డేవిస్ సైన్యం నుంచి వెనక్కి పిలిపించాడు. మరోపక్క పేదలకు ఉప్పు అందించాడు. పత్తి సాగు తగ్గించి తిండి గింజలు పండించాలన్న చట్టాన్ని నడిపించాడు. జార్జియా తెల్ల రైతుకు ఆయన ఆప్తుడే.

ఉత్తర కరొలైనా గవర్నర్ జెబులాన్ వాన్స్ 32 ఏళ్లకే పదవిలోకి వచ్చాడు. అంతకుముందు దక్షిణాది పటాలానికి కర్నల్. నౌకా దిగ్బంధం తప్పించుకుని తిరిగే ఓడను రాష్ట్రం తరఫున నడిపి, ఇంగ్లండు నుంచి బట్టలు, బూట్లు, నూలు వడికే సామాను తెప్పించాడు. మగవాళ్లు యుద్ధానికి పోయి, పొలం దున్నేవాళ్లు లేక, పిల్లలకు పెట్టలేక అల్లాడే ఆడవాళ్ల ఉత్తరాలు ఆయన బల్ల మీద గుట్టలుగా పడేవి. గింజలతో సారా కాయడం మీద రాష్ట్రం నిషేధం పెట్టింది. పౌరుణ్ణి విచారణ లేకుండా నిర్బంధించకూడదని రిచ్‌మండ్ ప్రభుత్వంతో చివరిదాకా పోట్లాడాడు. యుద్ధం మధ్యలో ఆ మాట అనడానికి గుండె కావాలి.

ఇద్దరూ సమర్థులే. మాస్టారి లెక్క ప్రకారం ఇద్దరి ‘నా జనం’ తెల్లవాళ్ల గడప దగ్గరే ఆగిపోయింది. యుద్ధం తర్వాత బ్రౌన్ సెనేటరై, బొగ్గు గనుల యజమాని అయ్యాడు. ఆ గనుల్లో పనిచేసింది ప్రభుత్వం అద్దెకిచ్చిన ఖైదీలు, అందులో ఎక్కువమంది నల్లవాళ్లు. వాన్స్ 1877లో మళ్లీ గవర్నరయ్యాడు. ఆ కాలంలో కొండలు తొలిచి వేసిన పశ్చిమ రైలుమార్గం కూడా అలాంటి ఖైదీల చేతుల మీదుగానే సాగింది. తన రాష్ట్రం పౌరుడి స్వేచ్ఛ కోసం అంత పోరాడిన మనిషికి వాళ్లు పౌరులుగా కనబడలేదు.

అనాథల బడి

చివరికి ఇద్దరి గురించి చెప్పి ముగిస్తాను. ఈ సంచికలో వాళ్లకు చోటు ఉండాలనే ఇంత దూరం వచ్చాను.

విస్కాన్సిన్ గవర్నర్ లూయీ హార్వే 1862 జనవరిలో పదవి చేపట్టాడు. ఏప్రిల్‌లో షైలో యుద్ధంలో గాయపడ్డ తన రాష్ట్ర సైనికులను చూడడానికి, మందులూ సామాగ్రీ పట్టుకుని టెనెసీ వెళ్లాడు. ఆస్పత్రుల్లో ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని పలకరించాడు. తిరుగు ప్రయాణానికి ఏప్రిల్ 19 రాత్రి ఒక పడవ నుంచి మరో పడవకు దాటుతూ కాలుజారి నదిలో పడి మునిగిపోయాడు. పదవిలో ఉన్నది మూడు నెలల పైచిలుకు. ఆయన భార్య కార్డీలియా ఆ దుఃఖాన్ని దిగమింగి, అవే ఆస్పత్రులకు తాను వెళ్లింది. దక్షిణాది వేడిలో జ్వరాలతో చనిపోతున్నవాళ్లను ఉత్తరాదికి తరలిస్తే బతుకుతారని 1863లో లింకన్‌ను కలిసి పట్టుబట్టింది. ఒప్పించింది. మాడిసన్ నగరంలో ఏర్పడిన ఆస్పత్రికి హార్వే పేరే పెట్టారు. యుద్ధం ముగిశాక అదే భవనం సైనికుల అనాథ పిల్లల ఆశ్రమమైంది. దాని బాగోగులు ఆమే చూసింది.

రెండోవాడు పెన్సిల్వేనియా గవర్నర్ ఆండ్రూ కర్టిన్. 1861లో కేంద్రం ఇక సైనికులు చాలంటే, అదనంగా వచ్చిన సుమారు 15,000 మందిని రాష్ట్ర ఖర్చుతో శిక్షణ ఇచ్చి ఉంచాడు. బుల్ రన్‌లో ఉత్తరాది ఓడి రాజధాని వణికినప్పుడు పరుగున వచ్చింది ఆ దళమే. 1862 సెప్టెంబరులో ఆల్టూనా పట్టణంలో గవర్నర్ల సమావేశం జరిపి, లింకన్ విమోచన ప్రకటనకు అండగా నిలిచాడు. గెటిస్‌బర్గ్ యుద్ధం ఆయన రాష్ట్రంలోనే జరిగింది. పొలాల్లో పడి ఉన్న శవాలకు గౌరవంగా ఒక స్మశానం ఏర్పాటు చేయించాడు. దాని ప్రారంభానికే లింకన్ వచ్చి రెండు నిమిషాల ప్రసంగం చేశాడు.

ఒక పండుగ రోజు ఇద్దరు పిల్లలు ఆయన ఇంటి తలుపు తట్టి రొట్టె అడిగారనీ, ఎవరి పిల్లలని అడిగితే నాన్న యుద్ధంలో చనిపోయాడన్నారనీ చెప్పుకుంటారు. ఆ కథ ఎలా ఉన్నా, 1864లో జరిగింది మాత్రం నిజం. పెన్సిల్వేనియా రైల్వే కంపెనీ యుద్ధ ఖర్చుకు ఇచ్చిన 50,000 డాలర్లను, చనిపోయిన సైనికుల పిల్లల చదువుకు వాడేలా కర్టిన్ శాసనసభను ఒప్పించాడు. అలా అనాథ సైనిక బాలల బడులు మొదలయ్యాయి. తిండి, బట్ట, చదువు, చేతి పని అన్నీ రాష్ట్రమే ఇచ్చింది. ఆ బడుల్లోనూ లోపాలున్నాయి. నల్లజాతి సైనికుల పిల్లలకు బడి పెట్టారు గానీ, విడిగానే పెట్టారు. తర్వాతి కాలంలో కొన్ని బడులు నడిపినవాళ్లు లాభాలకు అలవాటు పడ్డారని విచారణ కూడా జరిగింది. అయినా వేల మంది పిల్లలు అక్కడ చదువుకుని బతుకు దిద్దుకున్నారు. ఆ వరసలో చివరిగా మిగిలిన బడి 2009లో మూతపడింది. తుపాకుల మోత 1865లోనే ఆగిపోయింది. బడిగంట మాత్రం ఇంచుమించు నూట నలభై ఐదేళ్లు మోగింది.

మన రిజిస్టరు

ఆరు లక్షలకు పైగా ప్రాణాలు తీసిన యుద్ధం అది. అందులో నెగ్గిన గవర్నర్లూ ఓడిన గవర్నర్లూ అందరూ తమ జనం కోసమే అన్నారు. ఆ మాటలో ఎవరెవరున్నారన్నదే వాళ్లను వేరు చేసింది.

మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే వేదిక మీద కూర్చుని, ఆ బెత్తం మన వైపు తిప్పి అదే ప్రశ్న వేసేవారు. యాభై ఏళ్లుగా మన సంఘం ‘మనవాళ్లు’ అంటోంది. ఆ మాటలో ఎవరున్నారు? మన సభ్యత్వ రిజిస్టరులో పదో తరగతి పాసైనవాళ్ల పేర్లే ఉన్నాయి. నా పక్క బెంచీలో కూర్చుని లెక్కల్లో నాకంటే ముందుండి, ఏడులో నాన్న చనిపోతే బడి మానేసి పశువుల వెంట వెళ్లిన స్నేహితుడి పేరు అందులో లేదు. మన తరగతులు ఊడ్చి, కుండలో మంచినీళ్లు నింపి, గంట కొట్టిన తాతా లేడు. వాళ్లూ ఈ బడివాళ్లే.

స్వర్ణోత్సవ సంవత్సరంలో మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు పాత హాజరుపట్టీల నుంచి ఏరి రిజిస్టరులో ఎక్కించాలని సంఘం పెద్దలకు నా మనవి. ఆ పని చెయ్యడానికి నాకు ఓపిక ఉంది, తీరికా ఉంది. పట్టీలు ఇస్తే చాలు, మొదటి పేరు నేనే రాస్తాను.